పచ్చ టిక్కుల రిపోర్టు: పాత కారు తనిఖీలో తప్పు ఎవరిది, బాధ్యత ఎవరిది?

మా బావ కారు కొన్నాడు. 2019లో రిజిస్టరైన డీజిల్ బండి. విజయనగరం పొలిమేరలో పాత కార్లు వరసగా నిలబెట్టి అమ్మే ఒక యార్డులో చూశాడు. ధర 4 లక్షల 80 వేలు. మనిషి అసలే అనుమానప్పక్షి. వంకాయల దగ్గర కూడా తొడిమ గిల్లి చూసే రకం. అందుకే ఫోన్లో బుక్ చేస్తే బండి ఉన్నచోటికే వచ్చి చూసి రిపోర్టిచ్చే కంపెనీకి 1,500 కట్టి మరీ తనిఖీ చేయించాడు. 22 పేజీల రిపోర్టొచ్చింది. పేజీల నిండా పచ్చ టిక్కులు, చివర అయిదుకి నాలుగున్నర మార్కులు. పైడితల్లమ్మ గుడి దగ్గర నిమ్మకాయలు తొక్కించి బండిని ఇంటికి తెచ్చాడు.

మూడో వారంలో ఎస్.కోట దాటి అనంతగిరి ఘాట్ ఎక్కుతుంటే క్లచ్ జారింది. ఇంజిన్ అరుస్తోంది, బండి కదలదు. షెడ్డులో క్లచ్ దింపుతున్న మేస్త్రీ, వెనక డోరు దాటాక ఉండే రేకు మీద వేలితో టకటకలాడించి "ఇది పుట్టీ ఎట్టిన రేకు బావూ" అన్నాడు. ఇంకో నెలకి ఏసీ ఆగిపోయింది, పవర్ విండోలు వాటికి బుద్ధి పుట్టినప్పుడు దిగడం మొదలెట్టాయి. ఎలక్ట్రీషియన్ సీట్లు ఊడదీసి కార్పెట్ ఎత్తితే కింద సన్నటి బురద, ఎండి పెచ్చులు కట్టి ఉంది.

"రిపోర్టు సూసే కదేటి కొన్నాం? మరి ఆల్ది బాద్దెత కాదేటి?" అని బావ నన్నడిగాడు. బీమా క్లెయిముల కాగితాలు కొన్నేళ్లపాటు తిరగేసిన పాపానికి ఇంట్లో ఇలాంటి ప్రశ్నలన్నీ నాకే వస్తాయి. క్లచ్, పుట్టీ, బురద. మూడింటికీ ఒకటే జవాబు ఉంటుందని బావ ఆశ. మూడింటి దారీ వేరు.

గంటలో ఎంత కనబడుతుంది

ఆ రిపోర్టు తయారయ్యే తీరు ముందు చూడాలి. ఒక కుర్రాడు బైకు మీద వస్తాడు. బ్యాగులో పెయింటు మందం కొలిచే మీటరు, బండి కంప్యూటరులో నమోదైన తప్పుల కోడ్లు చదివే ఓబీడీ స్కానరు, టార్చి, టైరు గీతల లోతు చూసే గేజి. ముప్పావు గంటో గంటో చూస్తాడు. లిఫ్టు ఉండదు కనుక నేల మీద వంగి కిందిభాగం ఫొటో తీస్తాడు. ఒక్క బోల్టూ విప్పడు. విప్పుతానన్నా యార్డువాడు ఒప్పుకోడు, బండి ఇంకా అమ్ముడుపోలేదు మరి. కాబట్టి ఇంజిన్ లోపల, గేరుబాక్సు లోపల, కార్పెట్ కింద ఉన్నదాని గురించి అతను రాసేదంతా బయటి గుర్తుల్ని బట్టి వేసిన అంచనాయే.

ఆ గుర్తులు తీసిపారేసేవేమీ కావు, చదవడం తెలిస్తే. కంపెనీ పెయింటు మామూలుగా 100 నుంచి 150 మైక్రాన్ల దరిదాపుల్లో ఉంటుంది. పైన మళ్లీ రంగేస్తే 200 దాటుతుంది. సొట్ట పూడ్చిన పుట్టీ ఉంటే మీటరు అయిదారు వందలూ చూపిస్తుంది, వెయ్యీ చూపిస్తుంది. అయితే ప్లాస్టిక్ బంపరు మీద ఆ మీటరు పనిచేయదు, తొలి దెబ్బ తగిలేదేమో బంపరుకే. పైగా రంగు మారినంత మాత్రాన పెద్ద యాక్సిడెంటు అయినట్టూ కాదు. మూడు లాంతర్ల కూడలిలో ఆటో రాసుకుపోయినా డోరుకి రంగు వేయిస్తాం. అసలు చూడాల్సింది బానెట్ ఎత్తితే రెండు పక్కలా కనబడే లోపలి రేకులు (అప్రాన్లు), డోర్ల మధ్య పిల్లర్లు, డిక్కీలో స్టెప్నీ కింది నేల. అక్కడ కంపెనీ వెల్డింగు చుక్కలు ఒకే ఎడంలో, వరసగా ఉంటాయి. టింకరింగ్ షెడ్డులో వేసిన వెల్డింగుకి ఆ వరస రాదు.

స్కానరు సంగతి ఇంకా చిత్రం. "ఎర్రర్ కోడ్లు లేవు" అని రిపోర్టులో ఉంటే సంబరపడిపోతాం. బండి చూపించే ముందు కోడ్లు చెరిపేయడం రెండు నిమిషాల పని. కాకపోతే కోడ్లు చెరిపినప్పుడు, బండి తన భాగాల్ని తానే పరీక్షించుకున్న లెక్క కూడా చెరిగిపోతుంది. రెడీనెస్ మానిటర్లంటారు వాటిని. ఎండలో, చలిలో, ఊళ్లో, హైవే మీద కొన్నాళ్లు నడిపితేగాని అవి మళ్లీ పూర్తయినట్టు చూపించవు. కోడ్లు ఒక్కటీ లేవు, మానిటర్లు మాత్రం పూర్తికాలేదు అంటే ఎవరో ఈమధ్యే చెరిపారు, లేదా బ్యాటరీ తీశారు. బావ రిపోర్టులో 22 పేజీలున్నాయి, ఈ ఒక్క గడి లేదు.

మీటరు రీడింగు తిప్పడం గురించి అందరికీ తెలిసిందే. దాన్ని పట్టుకునేది మాత్రం కారు కంటే కాగితమే ఎక్కువ. కంపెనీ సర్వీసు సెంటరు రికార్డులో తేదీ, కిలోమీటర్లు పక్కపక్కనే ఉంటాయి. మూడేళ్ల కిందటే 70 వేలు తిరిగిన బండి ఇవాళ 52 వేలు చూపిస్తుంటే ఇంకే పరీక్షా అక్కర్లేదు. టైరు పక్కన నాలుగంకెలుంటాయి, 2319 అంటే 2019లో 23వ వారంలో తయారైంది. 30 వేలు తిరిగానంటున్న బండికి రెండో జత టైర్లు, అరిగి నున్నబడ్డ బ్రేకు పెడలు ఎందుకున్నాయో అడగాలి.

మన తీరంలో ఇంకో తిరకాసుంది. కళింగపట్నం, బారువ, భోగాపురం వైపు సముద్రపు గాలికి నిలబెట్టిన బండికి కింద తుప్పు పట్టడం సహజం. దాన్ని చూసి నీళ్లలో మునిగిన బండి అనుకోకూడదు. మునిగినదాన్ని చూసి "సముద్రపు గాలండీ" అంటే నమ్మనూ కూడదు. ఉప్పుగాలి తుప్పు బయట నుంచి, కింద నుంచి మొదలవుతుంది. మునిగిన బండి తుప్పు లోపల ఉంటుంది: సీటు పట్టాల మీద, సీటు బోల్టుల మీద, డాష్‌బోర్డు కింద వైర్ల కనెక్టర్లలో. సీటు బెల్టుని చివరికంటా లాగితే ఒకచోట మట్టి గీత కనబడుతుంది. చాలామంది బెల్టుని పైపైన కడిగి వదిలేస్తారు, చుట్టలో ఉన్న భాగం దాకా పోరు. వైర్లలో చేరిన తేమ వెంటనే చెడగొట్టదు. నెలలు పడుతుంది. అందుకే తనిఖీ రోజున అన్నీ వెలుగుతాయి.

2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. 2014లో హుద్‌హుద్. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడలో కాలనీలకి కాలనీలే మునిగాయి. ఏ బండి ఏ నీళ్లలో ఉండి వచ్చిందో నంబరు ప్లేటు చూస్తే ఒకప్పుడు కాస్తయినా అంచనా దొరికేది. 30 అంటే శ్రీకాకుళం, 35 అంటే విజయనగరం. 2019 నుంచి రాష్ట్రమంతటికీ ఏపీ 39 వచ్చాక ఆ ఆనవాలు పోయింది. సీ బుక్‌లో చిరునామా ఉంటుంది గానీ, బండి రెండు చేతులు మారితే అక్కడ కనబడేది ఇప్పటి యజమాని చిరునామాయే.

ఇక ఆ మార్కులు. ఇన్ని వందల పాయింట్ల తనిఖీ అని ప్రకటనల్లో గొప్పగా రాస్తారు. నాలుగు టైర్లు, నాలుగు డోర్లు, నాలుగు అద్దాలు, నాలుగు హ్యాండిళ్లు అంటూ లెక్కపెట్టుకుంటూ పోతే పాయింట్లకేం కరువు? వైపర్ బ్లేడుకీ గేరుబాక్సుకీ కలిపి సరాసరి తీసిన నాలుగున్నర మార్కులకి అర్థమేమిటో నాకిప్పటికీ బోధపడదు.

డబ్బు ఎవరిచ్చారు

తనిఖీ నమ్మకం మీటర్లలో కంటే జేబులో ఎక్కువుంటుంది. కార్లమ్మే కంపెనీయే తన మనిషితో తనిఖీ చేయించి "సర్టిఫైడ్" ముద్ర వేస్తే, అది అమ్మేవాడు తన సరుకు గురించి తాను చెప్పుకున్న మాట. రెండోది మన షెడ్డు మేస్త్రీని వెంటబెట్టుకెళ్లడం. చిన్న ఊళ్లలో మేస్త్రీ, బ్రోకరు, యార్డువాడు ఒకే టీ బడ్డీ దగ్గర కలుసుకుంటారు, కమీషను మాట వేరే చెప్పాలా? దీనికి ఎదురు జబ్బు కూడా ఉంది. మరీ నిజాయితీపరుడైన మేస్త్రీ ఏ బండి చూపించినా "ఒద్దు బావూ" అంటాడు. వద్దన్న బండి గురించి రేపు ఎవరూ నిలదీయరుగా. మూడోది, కొనేవాడు సొంత డబ్బిచ్చి బయటి కంపెనీతో చూపించడం. బావ చేసింది ఇదే, మూడింట్లో మంచిదీ ఇదే. ఎందుకు మంచిదంటే ఆ 1,500తో ఒక ఒప్పందం పుట్టింది. తప్పు జరిగితే అడిగే హక్కు ఆ ఒప్పందం నుంచి వస్తుంది.

అమ్మేవాడు తానే చేయించి చేతిలో పెట్టిన బయటి కంపెనీ రిపోర్టుకి ఆ బలం లేదు. ఆ కంపెనీకి డబ్బిచ్చింది మీరు కాదు, వాళ్లు పని చేసింది మీకోసం కాదు. ఒకరికిచ్చిన సలహాని నమ్మి ఇంకొకరు నష్టపోతే ఏమిటన్న ప్రశ్న మీద ఇంగ్లండు హౌస్ ఆఫ్ లార్డ్స్ 1963లో, హెడ్లీ బర్న్ కేసులో, పేరుపడ్డ తీర్పిచ్చింది. నమ్ముతారని తెలిసి అజాగ్రత్తగా చెప్పిన మాటకి, ఒప్పందం లేకపోయినా బాధ్యత ఉండొచ్చని సూత్రం చెప్పింది. చెప్పి, ఆ కేసు వేసినవాళ్లని ఓడించింది. సలహా ఇచ్చిన బ్యాంకు "మా బాధ్యత లేదు" అని ముందే రాసుకుంది కనుక.

గుర్రం కథ

ఇప్పుడు అమ్మినవాడి దగ్గరికి. 1872 నాటి కాంట్రాక్టు చట్టంలో 17వ సెక్షన్ మోసమంటే ఏమిటో చెబుతుంది. దాని కింద ఉదాహరణల్లో మూడు ఒక గుర్రం మీద నడుస్తాయి. ఒకడు రోగమున్న గుర్రాన్ని వేలంలో అమ్మాడు, రోగం సంగతి తెలిసీ నోరు మెదపలేదు. మోసం కాదు. రెండో ఉదాహరణలో కొన్నది అతని కూతురే, అప్పుడే మేజరైన పిల్ల. అలాంటప్పుడు చెప్పాల్సిన బాధ్యత ఉంది. ఇంకో ఉదాహరణలో కొనేవాడు అంటాడు: "నువ్వు కాదనకపోతే గుర్రం బాగానే ఉందనుకుంటాను." అమ్మేవాడు ఊరుకున్నాడు. ఇక్కడ ఆ ఊరుకోవడం మాట ఇచ్చినదానితో సమానం.

నూట యాభై ఏళ్ల నాటి ఈ గుర్రం ఇవాళ వాట్సాప్‌లో పరుగెడుతోంది. "బండి ఎలా ఉందండీ?" అని నోటితో అడిగితే "సూపర్ కండిషన్" అంటాడు. అది పొగడ్త, దాన్ని పట్టుకుని ఎక్కడికీ వెళ్లలేం. "బండి ఎప్పుడైనా నీళ్లలో మునిగిందా? రీడింగు అసలుదేనా? ఛాసీకి వెల్డింగు పడిందా? ఏదీ లేదని నమ్మే కొంటున్నాను" అని రాసి పంపితే, అతను అబద్ధం రాసినా దొరుకుతాడు, జవాబు రాయకుండా బండి అమ్మినా దొరుకుతాడు. 1,500 పెట్టి చేయించిన తనిఖీ కంటే ఈ ఒక్క మెసేజీ కోర్టులో ఎక్కువ పనిచేసే సందర్భాలున్నాయని నా అభిప్రాయం.

ఎందుకంటే తనిఖీకి చట్టంలో ఒక వెనకపోటు ఉంది. 1930 నాటి వస్తు విక్రయ చట్టం 16వ సెక్షన్ ప్రకారం, అలాంటి సరుకు అమ్మడమే వ్యాపారంగా ఉన్నవాడు వర్ణన చెప్పి అమ్మితే, సరుకు అమ్మకానికి తగిన నాణ్యతతో ఉందన్న షరతు రాయకపోయినా ఉన్నట్టే. దానికింద ఒక మినహాయింపుంది: కొనేవాడు సరుకుని పరీక్షించి ఉంటే, ఆ పరీక్షలో బయటపడాల్సిన లోపాలకి ఈ షరతు వర్తించదు. అంటే పుట్టీ గురించి బావ యార్డువాణ్ణి నిలదీస్తే, "నీ మనిషి మీటరు పట్టుకుని గంట చూశాడు, నీకు తెలియాల్సిందే" అని అతను అనగలడు. తనిఖీ చేయించడంతో అమ్మినవాడి మీది భారం కొంత దిగి, తనిఖీ చేసినవాడి మీద పడాలి. తనిఖీ చేసినవాడేమో నిబంధనల గొడుగు కింద నిలబడి ఉంటాడు. బావలాంటివాళ్లు జారిపోయేది ఈ సందులోంచే.

కాంట్రాక్టు చట్టం 19వ సెక్షన్‌లోనూ ఇదే వాసన ఉంది. మామూలు జాగ్రత్తతో నిజం కనిపెట్టే వీలు కొనేవాడికి ఉంటే, అమ్మినవాడి మౌనాన్నో పొరపాటు మాటనో పట్టుకుని బేరం రద్దు చేయలేడు. కానీ మీటరు తిప్పడం, బురద కడిగి పైన కొత్త కార్పెట్ పరవడం మౌనం కిందికి రావు. తెలిసి కావాలని దాచడం 17వ సెక్షన్ ప్రకారం మోసమే, దానికి "నువ్వు చూసుకోవాల్సింది" అన్న జవాబు చెల్లదు. దాచింది ఈ యార్డువాడేనని, అతనికి అమ్మినవాడు కాదని, చూపించగలగడమే కష్టం.

అమ్మింది వ్యాపారి కాకుండా మనలాంటి మామూలు మనిషైతే వినియోగదారుల కమిషన్ దారి మూసుకుపోతుంది. సివిల్ కోర్టుకి వెళ్లాలి, మోసం స్పష్టంగా ఉంటే పోలీసు స్టేషనుకి. స్టేషన్లో తొలి మాట "ఇది సివిల్ మేటర్ కదండీ" అని ఉంటుందన్నది కాగితాల పనిలో నేను నేర్చుకున్న పాఠాల్లో ఒకటి.

తనిఖీ కంపెనీని పట్టుకోగలమా

పట్టుకోగలం, కొంతవరకు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం దృష్టిలో తనిఖీ ఒక సేవ. సేవలో లోపమంటే పని తీరులో తక్కువతనం. ఈ చట్టం దానికి ఇంకొకటి కలిపింది, తెలిసిన సంగతిని కావాలని వినియోగదారుడికి చెప్పకపోవడం కూడా సేవాలోపమే. అయితే తనిఖీ తర్వాత బండి చెడిపోవడం దానంతట అది సేవాలోపం కాదు. డాక్టరు చూశాక కూడా జ్వరం వస్తుంది. చూస్తానన్నది చూశాడా, అతని దగ్గరున్న పనిముట్లతో పని తెలిసిన ఇంకొకడైతే అది కనిపెట్టేవాడా, కనబడ్డది రాశాడా? అడగాల్సినవి ఇవి.

బావ మూడు లోపాల్నీ ఈ ప్రశ్నల మీద పెడదాం. క్లచ్ పోయింది, అది అరిగే వస్తువు. రిపోర్టులో "చదును రోడ్డు మీద 3 కిలోమీటర్ల టెస్ట్ డ్రైవ్, క్లచ్ సరిగానే ఉంది" అని ఉంది. చదును రోడ్డు మీద సరిగానే ఉండి ఉంటుంది. అరిగిన క్లచ్ బయటపడేది బరువు పడ్డప్పుడు, ఎక్కుడులో. ఎవరి మీదా తప్పు లేదు. డబ్బులు బావవే.

పుట్టీ సంగతి వేరు. వెనక రేకు పక్కన "ఒరిజినల్ పెయింట్" అని టిక్కుంది. మీటరు అంకె ఎక్కడా లేదు. మీటరు పెట్టి ఉంటే అబద్ధం రాశాడు, పెట్టకపోతే చేయని పరీక్షకి టిక్కు కొట్టాడు. ఎటు తిరిగినా సేవాలోపమే. అందుకే తనిఖీ బుక్ చేసేటప్పుడే అడగాలి: ప్రతి రేకుకీ మైక్రాన్ల అంకె రాస్తారా, చూడని వాటి పక్కన "చూడలేదు" అని రాస్తారా? నన్నడిగితే ఒక రిపోర్టులో అన్నిటికంటే నమ్మదగిన మాట "చూడలేదు" అన్నదే.

బురద దగ్గర చిక్కు ముడి ఉంది. కార్పెట్లు ఎత్తబోమని నిబంధనల్లో స్పష్టంగానే రాసుకున్నారు. కాబట్టి బురద చూడలేదని అనలేం. కానీ రిపోర్టు 14వ పేజీలో "సీటు బెల్టులు: నాలుగూ బాగున్నాయి" అని పచ్చ టిక్కు. బావా నేనూ వెనక బెల్టుని చివరికంటా లాగి చూశాం. మట్టి గీత. బెల్టు పరీక్షంటే లాగి చూడటమే కదా, కార్పెట్ ఎత్తడం కాదు కదా! ఈ కేసులో పట్టు దొరికేది ఆ చిన్న టిక్కు దగ్గరే.

ఇప్పుడు గొడుగు సంగతి. ఇలాంటి కంపెనీల నిబంధనల్లో మామూలుగా కనబడే వాక్యం: "ఎలాంటి నష్టానికైనా మా బాధ్యత తనిఖీ రుసుము వరకే." బావ విషయంలో 1,500. ఇది చెల్లుతుందా? 1996లో భారతి నిట్టింగ్ కంపెనీ వేసిన కేసులో సుప్రీంకోర్టు, కొరియర్ రసీదు మీద సంతకం చేసి ఒప్పుకున్న 100 డాలర్ల పరిమితి చెల్లుతుందనే చెప్పింది. వినియోగదారుల ఫోరానికి ఆ ఒప్పందాన్ని దాటి పరిహారమిచ్చే వీల్లేదంది. కంపెనీల లాయర్లు దీన్ని ముందుపెడతారు. మరోవైపు 1986లో బ్రోజోనాథ్ గంగూలీ కేసులో అదే కోర్టు, బేరమాడే బలం లేనివాడితో చుక్కల గీత మీద సంతకం పెట్టించుకున్న దారుణమైన షరతులు చెల్లవంది. 2019 చట్టం "అన్యాయమైన ఒప్పందం" అన్న మాటకి నిర్వచనం ఇచ్చి, వాటిని సవాలు చేసే దారి తెరిచింది. అయితే ఆ సవాలు వినే అధికారం జిల్లా కమిషన్‌కి లేదు, రాష్ట్ర కమిషన్ నుంచి మొదలవుతుంది. 1,500 పరిమితిని కొట్టేయించడానికి విజయనగరం మనిషి విజయవాడ వెళ్లాలి. చట్టం రాసినవాళ్లకి రైలు టిక్కెట్టు ధర గుర్తుండదు.

నిబంధనల్లో ఇంకో వాక్యం కూడా ఉంటుంది, తగాదా వస్తే ఆర్బిట్రేషన్‌కే (కోర్టు బయట మధ్యవర్తి తీర్పుకే), అదీ ఏ గురుగ్రామ్‌లోనో బెంగళూరులోనో. దీనికి భయపడక్కర్లేదు. అలాంటి షరతు ఉన్నా వినియోగదారుడు కమిషన్‌కి వెళ్లొచ్చని 2018లో ఎమ్మార్ ఎంజీఎఫ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది.

కార్లమ్మే కంపెనీయే తనిఖీ కూడా చేసి ప్రకటించుకుంటే మాత్రం దాని మెడకి ఇంకో ఉచ్చు ఉంది. సరిగా పరీక్షించకుండా పనితీరుకి హామీ ఇవ్వడం 2019 చట్టంలో అనుచిత వ్యాపార పద్ధతి. ఇన్ని పాయింట్లు చూశామని ఊదరగొట్టి, చూడకపోతే అక్కడ దొరుకుతారు.

కాగితాలు

తనిఖీ కుర్రాడు బండినే చూస్తాడు, బండి వెనకున్న కాగితాల్ని పెద్దగా పట్టించుకోడు. కిందటేడు క్లెయిము తీసుకున్నారా అన్నది అమ్మేవాడి బీమా పాలసీలో నో క్లెయిమ్ బోనస్ (క్లెయిము లేని ఏళ్లకి ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) శాతం చూస్తే తెలుస్తుంది. అయిదారేళ్లు నిండిన బండికి ఆ గడిలో సున్నా ఉంటే కారణం అడగాలి. ఆ బోనస్ మీకు రాదు, అది అమ్మిన మనిషితోనే పోతుంది. ఫైనాన్సు తీరిందా, తీరితే సీ బుక్‌లో ఆ పేరు తీయించారా చూడాలి. ఇచ్ఛాపురం, పాతపట్నం, పార్వతీపురం వైపు ఒడిశా బళ్లు చవకగా దొరుకుతాయి. అక్కడి ఆర్టీఓ నుంచి ఎన్ఓసీ, ఇక్కడ కట్టాల్సిన లైఫ్ ట్యాక్సు కలిపి చూసుకుంటే ఆ చవక ఎంత మిగులుతుందో లెక్క వేసుకోవాలి.

పేరు మార్పు కొన్నవాడు 30 రోజుల్లో పెట్టుకోవాలి. పెట్టుకోకపోతే నష్టం అమ్మినవాడికీ ఉంది. నవీన్ కుమార్ కేసులో 2018లో సుప్రీంకోర్టు, బండి ఎన్ని చేతులు మారినా రిజిస్టరులో పేరున్నవాడే యాక్సిడెంటు పరిహారానికి బాధ్యుడంది. యార్డుల్లో నెలల తరబడి పాత యజమాని పేరు మీదే నిలబడే బళ్ల కోసం 2022 డిసెంబరులో మోటారు వాహనాల నిబంధనలు మార్చారు, 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాయి. పాత కార్ల వ్యాపారి రవాణా శాఖ దగ్గర అనుమతి తీసుకోవాలి. యజమాని బండి అప్పగించినట్టు ఫారం 29సీలో తెలియజేస్తే అక్కడి నుంచి ఆ వ్యాపారే యజమాని కింద లెక్క. యార్డులో అడుగుపెట్టగానే ఈ అనుమతి కాగితం చూపించమనండి. అడిగినప్పుడు వాళ్ల మొహం చూడటం కూడా ఒక తనిఖీయే.

బావ ఏం చేశాడు

చేయాల్సింది ఏమిటంటే, బండి విప్పకముందే ఫొటోలు, వీడియో తీయించి, ఇంకో పని తెలిసినవాడితో రాతపూర్వకంగా రిపోర్టు రాయించి, యార్డుకీ తనిఖీ కంపెనీకీ నోటీసు పంపి, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైను నంబరు 1915లో నమోదు చేయించి, అప్పటికీ కదలకపోతే రెండేళ్ల లోపు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఇద్దర్నీ ప్రతివాదులుగా చేర్చి ఫిర్యాదు వేయడం. కంపెనీ ఎక్కడున్నా ఫిర్యాదుదారు నివసించే జిల్లాలోనే వేయొచ్చు. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు కూడా లేదు. బండిని అద్దెకి తిప్పడానికి కొని ఉంటే మాత్రం, సొంత జీవనోపాధికేనని చూపించుకోవాలి.

బావ చేసింది వేరు. నన్నడగడానికి ముందు వారమే తనిఖీ కంపెనీ యాప్‌లో కంప్లయింటు పెట్టాడు. వాళ్లు వెంటనే 1,500 వెనక్కిస్తామన్నారు. "పూర్తి పరిష్కారంగా అంగీకరిస్తున్నాను" అన్నచోట బావ వేలు నొక్కేశాడు. అంగీకరించాక మళ్లీ అడగడానికి దారి పూర్తిగా మూసుకుపోయిందనను. బలవంతంతోనో మోసంతోనో ఒప్పించారని చూపించగలిగితే వాదించొచ్చు. 1,500 అకౌంటులో పడగానే ఇంటిల్లిపాదికీ పకోడీలు తెచ్చినవాడు బలవంతమని ఏ మొహంతో చెబుతాడు? యార్డువాడి దగ్గర బావ సంతకం పెట్టిన కాగితం ఉంది: "బండి చూసుకుని, ఉన్నది ఉన్నట్టుగా కొన్నాను." అలాంటి రాతతో వస్తు విక్రయ చట్టంలోని ఆ రాయని షరతుని పక్కన పెట్టొచ్చని అదే చట్టం 62వ సెక్షన్ ఒప్పుకుంటుంది. మిగిలింది దాచిపెట్టిన మోసమన్న వాదన ఒక్కటే. దానికి రుజువు బురద. బురదని ఎలక్ట్రీషియన్ ఆ రోజే నీళ్లు కొట్టి కడిగేశాడు.

వైర్లు మార్పించి, క్లచ్ వేయించి, ఇప్పుడు బావ ఆ బండిని అమ్మకానికి పెట్టాడు. నిన్న రాత్రి పలాస నుంచి ఎవరో మెసేజీ పెట్టారని ఫోన్ నా చేతికిచ్చాడు. "బావూ, బండి ఎప్పుడైనా నీటిలో ములిగిందేటి? ములగలేదనే అనుకుని రేపు వస్తన్నాను."

మెసేజీ పక్కన రెండు టిక్కులు నీలంగా మారిపోయి ఉంటాయి అవతల. బావ ఫోను తీసుకుని, ఏదో టైపు చేసి, చెరిపేసి, మళ్లీ నా వైపు చూశాడు.